రికార్డులో లేని తెలుగు

నేను లాయర్నని తెలియగానే మనవాళ్ళు మొదట ఎత్తేది గ్రీన్ కార్డు సంగతి. మేముండే అల్ఫారెట్టాలో ఎవరింట్లోనో పుట్టినరోజు పార్టీలో ప్లేటు పట్టుకుని నిలబడ్డానా, ఒక అంకుల్ మెల్లగా పక్కకి చేరి, "అమ్మా, మా అల్లుడి ప్రయారిటీ డేట్ ఇంచి కూడా కదలట్లేదు, నువ్వు కాస్త చెక్ చేయకూడదూ?" అంటారు. నేను ఆ లాయర్ని కాదండీ అంటే, మరి ఏ లాయర్‌వి అన్నట్టు చూస్తారు. కోర్టులో వాదిస్తావా? లేదండీ. క్లయింట్లు వస్తారా? రారండీ. "మరి రోజంతా ఏం చేస్తావమ్మా?" అని ఒక ఆంటీ నిజమైన జాలితో అడిగింది. చదువుతానండీ అన్నాను. ఆవిడ నన్ను వదిలేసి మా అమ్మ వైపు చూసింది. ఈ పిల్లని మెడిసిన్‌లో చేర్పించి ఉండాల్సింది అని ఆ చూపుకి అర్థం.

నేనేమీ తగ్గించి చెప్పలేదు. అప్పీల్ కోర్టులో స్టాఫ్ అటార్నీగా ఉన్నన్నాళ్ళూ నేను చేసింది చదవడమే. జడ్జీలు కొద్దిమంది, కేసులు కొండంత. వాదనలు వినాల్సిన పని లేదనిపించిన కేసులన్నీ మా గదుల్లోకి వచ్చి పడేవి. కింది కోర్టులో జరిగిన ప్రతి మాటా ఉన్న కట్టను, అంటే రికార్డును, మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా చదివి, ముగ్గురు జడ్జీలకు మెమో రాసి, దాంతోపాటు తీర్పు ముసాయిదా కూడా రాసి పంపాలి. వాళ్ళు ఒప్పుకుంటే అదే తీర్పు. దాని మీద మా పేరు ఉండదు. ఉండకూడదు కూడా.

మాకు వచ్చేవి ఎక్కువగా ఖైదీల అప్పీళ్ళు, దేశం నుంచి పంపించేయమన్న ఆర్డర్ మీద వచ్చే పిటిషన్లు. ఖైదీలవి చేతిరాతలో ఉండేవి. కొన్ని జైళ్ళలో గట్టి పెన్ను ఇవ్వరు, వంగిపోయే రీఫిల్ ఇస్తారు. అందుకే అక్షరాలు వణికినట్టుంటాయి. ఒకతను తన పన్నునొప్పి గురించి పేజీలకు పేజీలు రాశాడు. చివర్లో, ఇంత రాసినందుకు క్షమించండి, రాస్తున్నంతసేపూ నొప్పి తెలియలేదు, అన్నాడు. ఇంకొకతను గడువు దాటాక పంపాడు. జైల్లో ఏదో గొడవై నెలల తరబడి ఎవరినీ గదుల్లోంచి బయటికి రానివ్వలేదట. చట్టం ఆ కారణం చాలదంది, చాలదనే నేనూ రాశాను. రాసి, కిందికి వెళ్ళి కాఫీ తెచ్చుకున్నాను. అలవాటు పడతామని మొదట్లో ఎవరో చెబితే కోపం వచ్చింది. నిజంగానే అలవాటు పడ్డప్పుడు ఇంకా కోపం వచ్చింది.

అందులో ఒక్క మనిషి మొహం కూడా నేను చూడలేదు. ఏ పక్షంవాళ్ళతోనూ మేం మాట్లాడకూడదు. ఫోన్ ఎత్తకూడదు, జవాబు రాయకూడదు, లిఫ్ట్‌లో ఎదురుపడితే వాతావరణం గురించి కూడా పెదవి విప్పకూడదు. ఒకరి చెవిలో ఊదితే రెండోవాళ్ళకి అన్యాయం కదా. నాకు నచ్చిన రూల్ అది. ఇప్పటికీ అది తప్పని అనను.

నేనిప్పుడు ఆ ఉద్యోగంలో లేను. ఈ చెప్పబోయేదాంట్లో మనిషిని గుర్తుపట్టడానికి పనికొచ్చే వివరాలన్నీ మార్చేశాను. మార్చనివి రెండే రెండు మాటలు.

ఒక రోజు పొద్దున్నే కంప్యూటర్ తెరిస్తే కొత్త ఫైలు నా పేరు మీద పడి ఉంది. ఇంటిపేరు చూడగానే తెలుగువాడని తెలిసిపోయింది. లేచి మా సూపర్‌వైజర్ గదికి వెళ్ళాను. ఆయన ఆ పనిలోనే జుట్టు నెరిసినవాడు. నెమ్మదైన మనిషి, ఎవరినీ గట్టిగా ఒక మాట అని ఎరగడు. ఈ పిటిషనర్‌ది మా భాష, నేను ఈ కేసు చూడొచ్చా అని అడిగాను. "నీకతను తెలుసా?" అన్నాడు. తెలియదన్నాను. "స్పానిష్ వచ్చినవాళ్ళందరూ తప్పుకుంటే ఇక్కడ పని చేసేవాడే మిగలడు. వెళ్ళి చదువు," అన్నాడు.

చదివాను. అతనిది తెలంగాణలో ఒక పల్లె. తమ్ముడు వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడు. కొన్నాళ్ళకి అమ్మాయి తరఫువాళ్ళు ఆ తమ్ముణ్ని చంపేశారు. అన్న పోలీసుల దగ్గరికి వెళ్ళి ఫలానా ఫలానావాళ్ళని పేర్లతో సహా చెప్పాడు. వాళ్ళు ఇక అతని వెంట పడ్డారు. ఊరు మారాడు, హైదరాబాద్‌లో దాక్కున్నాడు, అక్కడికీ వచ్చారు. ఎవరినో పట్టుకుని దేశాలన్నీ దాటి ఇక్కడి సరిహద్దులో దొరికిపోయాడు. అప్పట్నుంచీ మా రాష్ట్రంలోనే ఒక డిటెన్షన్ సెంటర్‌లో ఉన్నాడు. వెనక్కి పంపితే నన్ను బతకనివ్వరు అంటాడు. కేసంతా అదే.

ఇమ్మిగ్రేషన్ జడ్జి దాని జోలికే పోలేదు. ఇతను చెప్పేది నమ్మను అన్నాడు, అక్కడితో సరి. మనిషినే నమ్మనప్పుడు మిగతావి చూసే అవసరం ఉండదు. ఆ తీర్పు మీద అప్పీలు వినే పై బోర్డు కూడా అవునంది.

ఎందుకు నమ్మలేదు? సరిహద్దులో పట్టుకున్న కొత్తలో ఒక ఆఫీసర్ అతన్ని ఇంటర్వ్యూ చేశాడు, ఫోన్లో ఇంటర్‌ప్రెటర్‌ని పెట్టుకుని. దాని నోట్స్ ఇంగ్లీషులోనే ఉన్నాయి. అన్నదమ్ములెవరైనా ఉన్నారా అన్న ప్రశ్న కింద, 'వన్ యంగర్ బ్రదర్. హీ లెఫ్ట్' అని ఉంది. ఇంకాస్త కింద, మీ కుటుంబంలో ఎవరికైనా హాని జరిగిందా అన్నచోట, 'ద గర్ల్స్ ఫ్యామిలీ టుక్ మై బ్రదర్ ఇన్' అని ఉంది. తమ్ముడు వెళ్ళిపోయాడు, అమ్మాయి తరఫువాళ్ళు అతన్ని తమ ఇంట్లో పెట్టుకున్నారు. ఇల్లరికం వెళ్ళాడన్నమాట. ముందు అలా చెప్పినవాడు కోర్టుకి వచ్చేసరికి, తమ్ముణ్ని వాళ్ళే చంపారంటున్నాడు. బతికున్న తమ్ముణ్ని కేసు కోసం చంపుకున్నాడని జడ్జి అంత మాటా అనలేదు గానీ, భావం అదే.

మొదటిసారి చదివినప్పుడు నాకూ అలాగే అనిపించింది. ఇంగ్లీషులో అది ఎంత సాఫీగా ఉందంటే ఎక్కడా అనుమానం రాదు. రెండోసారి చదువుతుంటే ఆ 'టుక్ మై బ్రదర్ ఇన్' దగ్గర కన్ను ఆగింది. ఆ అమ్మాయి వాళ్ళింట్లో ఉంటున్నాడు అని తెలుగులో ఎలా అంటాం? ఆ మాటని వెనక్కి తిప్పి చూశాను. ఇంట్లో పెట్టుకున్నారు. చేరదీశారు. పెట్టుకున్నారు. దేంట్లో పెట్టుకున్నారు?

అప్పుడు నాకే వినబడింది. "తమ్మున్ని పొట్టన పెట్టుకున్నరు సార్."

 మా అమ్మ సీరియల్ చూస్తూ నెలకోసారైనా ఈ మాట అంటుంది. ఎవత్తో పాలల్లో ఏదో కలిపి ఎవరికో ఇస్తుంది, "బంగారంలాంటి పిల్లాణ్ని పొట్టన పెట్టుకుంది, దీని మొహం మండ" అని టీవీ మీదికి లేస్తుంది. ప్రాణం తీసినవాడి మీద కడుపు మండి అనే మాట అది. ఫోన్లో ఉన్న ఇంటర్‌ప్రెటర్‌కి ఆ మాట తెలియలేదు. పెట్టుకున్నారు అన్న క్రియ ఒక్కటీ చేతికి దొరికింది, దాన్ని పట్టుకుని గట్టెక్కాడు.

ఇక 'లెఫ్ట్' సంగతి చెప్పనక్కర్లేదు. పోయిండు. మా పెద్ద మామయ్య పోయినప్పుడు నేను కారు డ్రైవ్ చేస్తూ ఫోన్లో అమ్మతో, "ఎప్పుడు పోయారమ్మా?" అంటుంటే వెనక సీట్లోంచి ఇక్కడ పుట్టిన నా కొడుకు, "ఎక్కడికి పోయారు అమ్మా?" అని అడిగాడు. వాడి తప్పేముంది. వాడికి వచ్చిన తెలుగులో పోవడం అంటే పోవడమే, స్కూల్‌కో సాకర్‌కో. మనం మన మనిషిని చచ్చిపోయాడు అనలేం. నోరు రాదు. ఆ మాట సినిమాలో విలన్ని అంటాం, బల్లిని అంటాం. మనవాడు పోతాడు, అంతే. తమ్ముడి మీద ఆ కాస్త మర్యాద, ఆ కాస్త ప్రేమ చూపించినందుకు ఇతను అబద్ధాలకోరు అయ్యాడు.

ఆ ఇంటర్‌ప్రెటర్ మీద మండిపోయింది ముందు. తర్వాత, అతనూ ఇక్కడే ఏ కాపెల్ లాంటి ఊళ్ళోనో పెరిగిన పిల్లాడై ఉంటాడు, ఇంట్లో అమ్మతో అన్నం పప్పు దాకా వచ్చిన తెలుగుతో ఈ పనికి కుదిరి ఉంటాడు అనిపించింది. రేపు నా కొడుకు ఫోన్ ముందు కూర్చుంటే ఇంతకంటే బాగా చేస్తాడా?

కోర్టులో విచారణ జరిగినప్పుడైనా ఇది బయటపడాల్సింది. ఆ మాటలూ రికార్డులో ఇంగ్లీషులోనే ఉన్నాయి, నాకు మాత్రం తెలుగులో వినబడ్డాయి. ప్రభుత్వం తరఫు లాయర్ అడిగాడు, నీ తమ్ముడు ఇల్లు వదిలి వెళ్ళాడని చెప్పావు కదా? లేదు సార్. అమ్మాయి తరఫువాళ్ళు అతన్ని ఇంట్లో పెట్టుకున్నారన్నావు కదా? నేను అట్ల చెప్పలేదు సార్. మరి ఆ రోజు ఇంటర్‌ప్రెటర్ మాటలు నీకు అర్థమయ్యాయా? అయినయి సార్. బాగా చేశాడా? బాగనే చేసిండు సార్. చదువుతూ నేను తల పట్టుకున్నాను. ఇంకేమంటాడు? తనకోసం సాయం చేసిన మనిషిని, మొహం కూడా చూడని మనిషిని, బాగా చేయలేదు అని ఆఫీసర్ల ముందు ఎలా అంటాడు? మనలో ఎవరన్నా అంటామా? డాక్టర్ అర్థమైందా అంటే అర్థం కాకపోయినా తల ఊపి వచ్చేవాళ్ళమే అందరం. ఆ ఒక్క 'బాగనే'తో ఆ తలుపు కూడా మూసుకుపోయింది.

అప్పుడు అతనికి లాయర్ ఉన్నాడు. ఆ లాయర్ బోర్డుకి, మా క్లయింట్ భయంలో ఉన్నాడు, తడబడ్డాడు అని రాశాడు. తర్జుమా తప్పు అన్న మాట ఎక్కడా ఎత్తలేదు. పాపం ఆయనకి మాత్రం ఎలా తెలుస్తుంది, ఆయనకి తెలుగు రాదు. మా కోర్టుకి వచ్చేసరికి లాయర్ కూడా లేడు. డిటెన్షన్ సెంటర్‌లో ఇంగ్లీషు వచ్చిన తోటివాడు ఎవరో రాసిపెట్టినట్టున్నాడు, రెండు పేజీల బ్రీఫ్. నా తమ్ముడు బతికున్నాడని నేను ఎప్పుడూ అనలేదు, ఎట్లా అంటాను, అని ఉంది. ఆ తర్వాతి వాక్యం, 'ఐ పుట్ ఫైర్ టు మై బ్రదర్ విత్ మై ఓన్ హ్యాండ్.'

సూపర్‌వైజర్ ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇదేంటి? తమ్ముణ్ని తనే తగలబెట్టానంటున్నాడా?" అన్నాడు, నిజంగా కంగారుగా. కొరివి పెట్టడం అంటే ఏమిటో చెప్పాను. పెళ్ళయి పిల్లలు లేకుండా పోయిన తమ్ముడికి అన్న పెడతాడు, అదే చెబుతున్నాడు అన్నాను. ఆయన కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు. సరే మిగతాది కూడా చెప్పు అన్నాడు. పోవడం గురించి, పొట్టన పెట్టుకోవడం గురించి చెప్పాను. అంతా విన్నాడు. 

"అతను ఆ తెలుగు మాటలే అన్నాడని రికార్డులో ఎక్కడుంది?"

"లేదు. ఇంగ్లీషు నోట్స్ ఒక్కటే ఉన్నాయి."

"టేప్?"

"లేదు."

"అంటే ఇంగ్లీషు చూసి వెనకాల ఏ తెలుగు ఉందో నువ్వు ఊహిస్తున్నావు."

ఊహ కాదు, ఇంకేమీ అయ్యుండదు అన్నాను. నా గొంతు పెరిగింది.

"నువ్వు చెప్పేది నిజమనే నాకూ అనిపిస్తోంది," అన్నాడాయన. "కానీ నువ్వు సాక్షివి కావు, ఇంటర్‌ప్రెటర్‌వి కావు. ఈ పాయింటు బోర్డు ముందు ఎవరూ ఎత్తలేదు. ఎత్తనిది మనం చూడకూడదు. రికార్డులో నువ్వు లేవు."

ఆ మాట నాకు రెండు రోజులు అన్నం తిననివ్వలేదు. కాదనడానికి కూడా ఏమీ లేదు, అదీ నా ఏడుపు. ఆయన స్థానంలో నేనున్నా అదే అనేదాన్ని. అయినా ఆయన నన్ను ఆపలేదు. మెమోలో రాయి, జడ్జీలు చూస్తారు, ముసాయిదాలో మాత్రం వద్దు అన్నాడు. నా ఉద్యోగంలో అంత జాగ్రత్తగా నేను ఏదీ రాయలేదు. రెండు మాటలకు రెండు పేరాలు. ఒక జడ్జి చదివి ఫోన్ చేశారు కూడా. పిటిషనర్ ఈ సంగతి బోర్డు ముందు చెప్పాడా అని ఆ ఒక్క ప్రశ్నే అడిగారు. చెప్పలేదు. అయితే మన చేతుల్లో లేదు అన్నారు. ఆవిడ గొంతులో నిజంగానే బాధ ఉంది. ఆ ముగ్గురిలో ఒక్కరైనా దుర్మార్గులైతే నాకు హాయిగా ఉండేది.

ముసాయిదా రాయాల్సింది నేనే. రాశాను. తమ్ముడి విషయంలో పిటిషనర్ మాటలు ఒకదానికొకటి పొసగవు, అతను నమ్మదగినవాడు కాడన్న నిర్ణయానికి రికార్డులో తగిన ఆధారం ఉంది. చట్టం అడిగిన వాక్యం అది, ఒక్క అక్షరం ఎక్కువ లేదు. ఇలాంటి వాక్యాలు అంతకుముందు ఎన్నో రాశాను, అందుకే చెయ్యి తడబడలేదు. చెయ్యి తడబడనందుకు నామీద నాకే అసహ్యం వేసింది.

ఇంట్లో చెప్పుకోవడానికి లేదు. కేసుల సంగతి గుమ్మం దాటనివ్వం. ఆ సాయంత్రం బెండకాయలు తరుగుతున్న అమ్మ నా వాలకం చూసి, "ఏమైందే, అలా ఉన్నావ్?" అంది. ఏం లేదమ్మా అన్నాను. పక్కన కూర్చుని, పొట్టన పెట్టుకున్నారు అన్నదాన్ని ఇంగ్లీషులో ఏమంటావని అడిగాను. కత్తిపీట ఆపి ఆలోచించింది.

"చంపేశారనేగా. కిల్ అంటారు."

"అంతేనా?"

"అంతే అనుకో. అయినా కిల్ అంటే చాలదే. అందులో ఆ పిల్లాడి అమ్మ ఏడుపు ఉండదు," అంది, మళ్ళీ బెండకాయలు అందుకుంటూ.

తీర్పు వెలువడిన మర్నాడు పని మీద కింద క్లర్క్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ కౌంటర్‌లో ఒకావిడ ఉండేది. కోర్టుకి వచ్చే ఫోన్లన్నీ ఆవిడే తీసేది, ఎంత విసిగించినా ప్రతివాణ్నీ సర్ అనే పిలిచేది. చేతులు ఖాళీ లేక స్పీకర్ పెట్టి మాట్లాడుతోంది. కేసు నంబర్ అడిగి, పేరు పైకి చదువుతూ టైప్ చేసింది. ఆ పేరు నేను ముసాయిదా రాసిన పిటిషనర్‌దే.

"పిటిషన్ డినైడ్, సర్. నిన్న డిసైడ్ చేశారు," అంది.

"డినైడ్," అన్నాడతను. ఆ ఒక్క ఇంగ్లీషు మాట డిటెన్షన్ సెంటర్‌లో అందరికీ వస్తుంది. అతని వెనకాల ఎవరివో కేకలు వినబడుతున్నాయి. తర్వాత, "మేడమ్, తెలుగు. తెలుగు పర్సన్?" అన్నాడు.

ఆవిడ మ్యూట్ నొక్కి నా వైపు తిరిగింది. "మీ భాషేనా ఇది?"

"మా భాషే. కానీ నేను మాట్లాడకూడదు. ఆ కేసు చూసింది నేను," అన్నాను. ఆవిడకి రూల్ తెలుసు. సరేనని తలూపి మ్యూట్ తీసి, సారీ సర్, ఇక్కడెవరూ లేరు, అంది. నేను అక్కణ్నుంచి వెళ్ళిపోయి ఉండాల్సింది. వెళ్ళలేదు.

అతను ఫోన్ పెట్టేయలేదు. అర్థం కానివాళ్ళకి మెల్లగా, గట్టిగా చెబితే అర్థమవుతుందేమోనన్న ఆశతో మాట్లాడినట్టు, ఒక్కొక్క మాటే విడదీసి అడిగాడు.

"అమ్మా, పంపితే పంపనియ్యిండ్రి. నేను అబద్ధం ఆడలేదని రాసిన్రా లేదా, గదొక్కటి చెప్పుండ్రి. తమ్ముడు బతికే ఉన్నడని నేనే చెప్పిన్నంట. మా అమ్మకు నేనేం చెప్పాలె?"

నా చేయి నోటికి అడ్డం పెట్టుకున్నాను. బల్లకి అటువైపు ఫోన్, ఇటువైపు నేను. చేయి చాస్తే అందుతుంది.

"కాపీ మెయిల్ చేశాం, సర్," అంది ఆవిడ వీలైనంత మెత్తగా. "ఇన్ ద మెయిల్."

"మెయిల్... ఓకే మేడమ్. థాంక్యూ మేడమ్," అన్నాడు. లైన్ కట్ అయింది.

ఆవిడ నా మొహం చూసి చేతిలో కాగితాలు కింద పెట్టింది. "ఏమడిగాడు?" అంది.

తను అబద్ధం ఆడలేదని మనం రాశామా అని అడిగాడన్నాను.

ఆవిడ తీర్పులు చదవదు, కవర్లో పెట్టి పంపుతుంది అంతే. అందుకని మామూలుగా, "మరి రాశామా?" అంది.

"లేదు," అన్నాను. ఇంకేదో అనబోతే ఏడుపు వచ్చేసింది.